యాభై కోడెలకు ముందు ఒక కాటా

పేరు వేయవద్దని కోరిన ఓ పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయన వయసు 34. ఉద్యోగం మానేసి సొంతూరు చేరారు. నీళ్ళున్న ఐదెకరాల్లో రెండెకరాలు ఇప్పటికే పశుగ్రాసం వేశారు. బక్క కోడెలను కొని, మేపి, ఒళ్ళు చేశాక మాంసానికి అమ్మాలన్నది ఆలోచన. ఆయన అక్క భర్త చాలా ఏళ్ళుగా పశువుల బేరంలో ఉన్నారు. "ఒకేసారి యాభై తోలుకొస్తా. ఒక్కోటి 250 కిలోలకు తగ్గదు. రోజుకు కిలో రెండొందల గ్రాములు పెరుగుతాయి. తొంభై రోజులకు అమ్మేద్దాం, ఏడాదికి నాలుగు విడతలు" అన్నది బావగారి మాట. ధర తలకింతని. కాటా వేసి కొందామంటే "నా కంటి మీద నమ్మకం లేదా?" అని నొచ్చుకున్నారట.

చేతిలో ఉన్న డబ్బు ఇరవై పశువులకూ వాటి మేతకూ వస్తుంది. మిగతా ముప్పైకీ, సిమెంటు షెడ్డుకూ ఇల్లు తాకట్టు పెట్టాలి. పత్రాల మీద సంతకం పెట్టనని నాన్నగారు భీష్మించారు. "గడ్డి కోసి అమ్ముకో, చాలు" అంటున్నారు. భార్య ఒక్కటే అడిగారట: "బరువు తెలియకుండా కొంటే ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుంది?" వారి ప్రాంతంలో ఒక కిలో బతికున్న పశువు బరువు ధరకు గడ్డీ దాణా కలిపి, తేమ తీసేసిన లెక్కన, సుమారు 15 కిలోల మేత వస్తుందని కూడా రాశారు. చివర్న ఆయన ప్రశ్న: "బావ మాట కాదంటే అక్కతో చెడుతుంది. వింటే నాన్నతో చెడుతుంది. నేనేం చేయాలి?"

సమాధానం:

మీ ఉత్తరంలో లెక్కా చుట్టరికమూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ముడి బిగిసింది. ముందు లెక్క విప్పుదాం. రెండో ముడి సగం దానితోనే వదులవుతుంది. మీ ఇంట్లో సరైన ప్రశ్న వేసింది మీ భార్య. ఈ జవాబంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

డబ్బు మాట కాసేపు పక్కన పెట్టి, ఖర్చులన్నిటినీ పశువు కిలోల్లోకి, అంటే ఆ ఖర్చు ఎన్ని కిలోల పశువు బరువు ధరకు సమానమో ఆ లెక్కలోకి, మార్చి చూడండి. మీరే ఇచ్చిన 15 కిలోల లెక్క ఇందుకు పనికొస్తుంది. 250 కిలోల కోడెను 120 రోజులు మేపి, రోజుకు సగటున 800 గ్రాములు పెంచారనుకుందాం. అది 96 కిలోలు పెరిగి 346 దగ్గర ఆగుతుంది. ఈ కాలంలో దాని సగటు బరువు 300 కిలోలు. పశువు రోజుకు తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం పొడి పదార్థం (తేమ తీసేసిన మేత) తింటుంది, అంటే సుమారు 8 కిలోలు. 120 రోజులకు 960 కిలోలు. 15తో భాగిస్తే మేత ఖర్చు 64 పశువు కిలోలు. కూలి, మందులు, కరెంటు, లారీ, వడ్డీ, నూటికి రెండు చావుల భారం అన్నీ కలిపి ఇంకో 18 కిలోలు వేసుకోండి. మొత్తం 82. పెరిగింది 96. మిగిలింది పశువుకు 14 కిలోలు.

బావగారి కన్ను 250 అన్న కోడె నిజంగా 237 ఉంటే ఈ పద్నాలుగులో 13 కిలోలు కొన్న రోజే పోయాయి. ఐదు శాతం తేడా అది. ఎంత అనుభవం ఉన్న కంటికైనా ఐదు శాతం తప్పడం మామూలే. కడుపు నిండా నీళ్ళు తాగించి సంతకు తెచ్చిన పశువు దగ్గర ఇంకా ఎక్కువే తప్పుతుంది. బావగారి నిజాయతీకీ దీనికీ సంబంధం లేదు. ఆయన వ్యాపారం వేరు. ఇవాళ కొని రేపు అమ్మేవారికి అటు తప్పింది ఇటు కలిసొస్తుంది, సగటున సరిపోతుంది. నాలుగు నెలలు మేపి కాటా మీద అమ్మే మీకు కొన్నప్పటి తప్పు అలాగే ఉండిపోతుంది. ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ తేడా చెప్పండి. కంటిని శంకించినట్టు కాకుండా రెండు వ్యాపారాల పద్ధతి వేరన్నట్టు ఉంటుంది.

ఇదే లెక్కలో ఇంకో రెండు అంకెలు మార్చి చూడండి. రోజువారీ పెరుగుదల 800 బదులు 650 గ్రాములైతే మొత్తం 78 కిలోలే వస్తుంది, పశువుకు 4 కిలోల నష్టం. అమ్మేనాటికి కిలో ధర కొన్ననాటికంటే ఐదు శాతం తగ్గితే, ఆ తగ్గుదల మీరు పెంచిన 96 కిలోల మీద మాత్రమే కాదు, మొత్తం 346 కిలోల మీదా పడుతుంది. అది 17 కిలోలు. ధర ఐదు శాతం పెరిగితే అంతే కలిసొస్తుంది. చాలామంది దాణా సూత్రాల కోసం నెలలు తిరుగుతారు గానీ, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న ఈ తేడాని పట్టించుకోరు. మేత ఎంత బాగా పెట్టినా ఇక్కడ పోయింది మేత గాడి దగ్గర తిరిగి రాదు.

ఇక 1.2 కిలోల మాట. పెద్ద చట్రం (ఎముకల కట్టు) ఉన్న సంకర జాతి కోడెలు, గింజలు ఎక్కువున్న దాణా మీద అంత పెరుగుతాయి. నాటు, సంకరం కలిసిన బక్క పశువులు పచ్చిమేత ఆధారంగా పెరిగేటప్పుడు 700 నుంచి 900 గ్రాములు మంచి ఫలితం. మరి బావగారు చూసినదో? లారీ దిగిన పశువు ప్రయాణంలో తన బరువులో ఐదు నుంచి పది శాతం వరకు కోల్పోతుంది. అందులో ఎక్కువ భాగం నీళ్ళూ కడుపులో మేతా. వారం పది రోజుల్లో అది తిరిగి నిండుతుంది, చూసేవారికి పశువు గబగబా పెరిగినట్టే ఉంటుంది. ఆ పైన, తిండి చాలక బక్కచిక్కిన పశువు మంచి మేత దొరికిన మొదటి నెలన్నర నిజంగానే వేగంగా ఒళ్ళు చేస్తుంది. ఆ వేగం చివరిదాకా నిలవదు. విడతల సంగతీ అంతే. 120 రోజుల మేపుకు కొనడం, అమ్మడం, కొట్టం శుభ్రం చేసి ఆరబెట్టడం కలిపితే 140 రోజులు. ఏడాదికి రెండున్నర విడతలకు లెక్క వేసుకోండి, నాలుగుకు వద్దు.

యాభై అన్న సంఖ్యకు మీ పొలమే జవాబు చెబుతోంది. పైన చెప్పిన 8 కిలోల పొడి పదార్థం రావడానికి 300 కిలోల కోడెకు రోజూ 20 కిలోల పచ్చిమేత, కిలోన్నర ఎండుగడ్డి, 3 కిలోల దాణా పెట్టాలి. మీ రెండెకరాలు ఎకరాకు ఏడాదికి 80 టన్నుల పచ్చిమేత ఇస్తాయనుకున్నా రోజుకు 440 కిలోలు, అంటే 22 కోడెలకు సరి. ఎండాకాలంలో దిగుబడి తగ్గుతుంది, వానాకాలంలో మిగులుతుంది. ఆ మిగులును పూత దశ దాటనివ్వకుండా కోసి, రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి, బాగా తొక్కి గాలి లేకుండా పాతర వేస్తేనే ఏడాది పొడుగునా ఆ 22 నిలుస్తాయి. మిగతా 28 కోడెల మేత బయట కొనాలి. కొన్న రోజున మీ 15 కిలోల లెక్క 12కో 11కో పడిపోవచ్చు. పన్నెండుకు పడితే మేత ఖర్చే 80 పశువు కిలోలు. ఇతర ఖర్చులు కలిపితే 98, పెరిగింది 96.

నాన్నగారు "గడ్డి అమ్ముకో" అన్న మాటలో వ్యాపారం ఉంది. సొంత పొలం గడ్డి ఉచితమని చాలామంది లెక్కలోంచి తీసేస్తారు. కోడెల లాభం అనుకున్నది తీరా చూస్తే గడ్డి అమ్మితే వచ్చే డబ్బే అయి ఉంటుంది. మీ మేతను బయట ఎంతకు కొంటారో ఆ ధరకే కోడెల ఖాతాలో రాయండి. అప్పుడు మిగిలితేనే కోడెలు మేపడానికి అర్థం ఉంది. మిగలకపోతే నాన్నగారి మాట వినడమే మేలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. బావగారు చెప్పినట్టు యాభై కొని, ఇల్లు తాకట్టు పెట్టి, షెడ్డు కట్టడం మొదటిది. ధర కలిసొచ్చిన విడతలో బాగానే మిగులుతుంది. ఒక్క విడత బెడిసికొడితే, గాలికుంటు లాంటి అంటువ్యాధి వచ్చి పశువులు బతికినా నెల రోజులు పెరుగుదల ఆగిపోతే, వాయిదా కట్టడానికి సగం మేపిన కోడెలనే అమ్ముకోవాలి. ఈ వ్యాపారంలో డబ్బు నాలుగు నెలలపాటు తిరిగి రాదు. మధ్యలో పాలడబ్బుల్లాంటి రాబడి ఏదీ ఉండదు. మొదటి విడతకు ఈ దారి నేను సిఫారసు చేయలేను.

రెండో దారి, మీ డబ్బుతో 14 లేదా 15 కోడెలతో మొదలుపెట్టడం. డబ్బు ఇరవైకి వస్తుంది కదా అని ఇరవై కొనకండి. ఆ మిగతా డబ్బు మేత ధర పెరిగినా, అమ్మకం పదిహేను రోజులు ఆలస్యమైనా ఆదుకోవాలి. రాబడి తక్కువే, ఇల్లు గడవడానికి ఇంకో ఆదరువు కావాలి. కానీ మీ పొలం, మీ మేత, మీ సంత మీద మీ సొంత అంకెలు చేతికొస్తాయి.

మూడోది మీరు ఆలోచించినట్టు లేదు: బావగారి పశువులను కూలికి మేపడం. కోడెలు ఆయనవి, మేతా చాకిరీ మీవి. పెరిగిన ప్రతి కిలోకూ ఆయన మీకు ఇంతని ఇస్తారు. దీనికి కాటా తప్పనిసరి, వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ. అప్పుడు కాటా వేయమనడం అనుమానం కాదు, కూలి లెక్క. పై లెక్కలో మేతకు 64, కూలీ మందులకు ఓ 10 వేసుకుంటే 96 కిలోలు పెంచడానికి మీకయ్యేది 74. అంటే పెరిగిన కిలోకు, పశువు కిలో ధరలో ముప్పావు వంతుకు పైనే మీ ఖర్చు. ధరలో ఎనభై ఐదు శాతానికి తక్కువైతే ఒప్పుకోవద్దు. లాభం పరిమితం, ధర పడిపోతే ఆ దెబ్బ ఆయనది. తగాదా వచ్చేది చావుల దగ్గర. వచ్చిన 21 రోజుల్లోపు చస్తే ఆయనది, తర్వాత చస్తే మేతకు సంబంధించిందా కాదా అని పశువైద్యుడు చెప్పినట్టు అని ముందే కాగితం మీద రాసుకోండి. చుట్టాల మధ్య కాగితమేమిటని ఎవరైనా అంటే, చుట్టరికం నిలవాలనే అని చెప్పండి.

రెండూ మూడూ కలపొచ్చు కూడా. మీవి పది, ఆయనవి పది. ఒకే మేత, ఒకే కాటా. ఒక విడత తర్వాత ఎవరి ఎంపిక ఎలా పెరిగిందో ఆయనే చూస్తారు. నాకు నచ్చిన దారి ఇదే.

ఏ దారి పట్టినా మీకు పనికొచ్చే వివరాలు కొన్ని.

కొనేటప్పుడు నోరు చూడండి. పాలపళ్ళు పోయి రెండు శాశ్వత పళ్ళు వేసిన కోడె సుమారు రెండేళ్ళది, ఇంకా చట్రం పెరుగుతుంది. నోరు నిండిన, అంటే శాశ్వత పళ్ళన్నీ వచ్చిన, పశువు ఎముక పెరగదు, కొవ్వే పడుతుంది, కొవ్వు కిలోకు మేత చాలా ఎక్కువ ఖర్చవుతుంది. పొడవైన నడుము, వెడల్పు మూతి, బలమైన కాళ్ళు, నిగ్గున్న కళ్ళు ఉంటే బక్కగా ఉన్నా పరవాలేదు. తిండి లేక బక్కచిక్కిందా, రోగంతోనా అన్నదే తేల్చుకోవాలి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే కార్జపు జలగలో, రక్తం పీల్చే పురుగులో పట్టి ఉండొచ్చు. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉన్నా అదే అనుమానం. దగ్గు, ముక్కు చీమిడి, తోక కింద అంటుకున్న పేడ, కుంటి నడక కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి.

కాటా దొరకని చోట దర్జీ టేపు పట్టుకెళ్ళండి. ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరిదాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీయండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 58, పొడవు 49 అయితే సుమారు 250. ఇది కాటాతో సమానం కాదు గానీ కంటికంటే నయం. పశువు నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబడి తల ఎత్తి ఉన్నప్పుడే కొలవాలి, లేకపోతే టేపు కూడా అబద్ధం చెబుతుంది.

లారీ దిగిన రోజు నీళ్ళు, ఎండుగడ్డి తప్ప ఇంకేమీ వద్దు. ఆకలితో ఉన్నాయని జాలిపడి దాణా పోస్తే చంపుకున్నట్టే. కొత్తవాటిని పాత పశువులకు దూరంగా 21 రోజులు ఉంచండి. పురుగుల మందు, గోమార్ల మందు, గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఎప్పుడెప్పుడు వేయాలో పశువైద్యునితో పట్టిక రాయించుకోండి. ప్రయాణపు అలసట తీరి మేత పట్టాక వేయడం మంచిది. చెవికి నంబరు బిళ్ళ వేసి, పొద్దున్నే మేతకు ముందు తూచిన బరువును మొదటి అంకెగా రాసుకోండి.

దాణా 100 కిలోలకు మొక్కజొన్న నూక 40, తవుడు 26, నూనె తీసిన గింజల చెక్క 30, ఖనిజ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 1, ఉప్పు 1 కలపండి. గింజల్లో, తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. సున్నపురాయి, ఉప్పు మానేస్తే మగ పశువుల మూత్రనాళంలో రాళ్ళు పడొచ్చు. చెక్క బూజు వాసన వేస్తే ఎంత ధరకొచ్చినా వాడకండి. నాలుగో రోజు అరకిలోతో మొదలుపెట్టి రెండు మూడు రోజులకోసారి అరకిలో చొప్పున పెంచుతూ పదహారో రోజుకు మూడు కిలోలకు చేర్చండి, రెండు మూడు పూటలుగా. తొందరపడితే ఏమవుతుందంటే, పిండి పదార్థం పెద్ద పొట్టలో ఒక్కసారిగా పులిసి ఆమ్లం పెరుగుతుంది. అక్కడ మేతను జీర్ణం చేసే సూక్ష్మజీవులు చస్తాయి. పశువు నెమరు ఆపుతుంది, పుల్లటి వాసనతో బూడిదరంగు పేడ పలచగా వేస్తుంది, పడుకుంటే లేవదు. కనిపించిన వెంటనే దాణా ఆపి ఎండుగడ్డి మాత్రమే పెట్టి వైద్యుణ్ణి పిలవాలి. బతికినా గిట్టలు దెబ్బతిని, కాలేయంలో చీము గడ్డలు కట్టి ఆ పశువు ఇక సరిగా పెరగదు.

ఎండుగడ్డి పోషణ పెంచాలంటే 100 కిలోలకు 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్ళలో కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, పట్టా కప్పి 21 రోజులు ఉంచండి. తెరిచాక పెట్టబోయే గడ్డిని కొన్ని గంటలు ఆరనిచ్చి వేయాలి. యూరియా నీళ్ళు ఏ పశువూ తాగే వీలు లేకుండా చూడండి, గంటల్లోనే ప్రాణం తీయొచ్చు.

షెడ్డు మీద పెట్టే డబ్బు పశువును ఒక్క గ్రాము కూడా పెంచదు. పశువుకు 12 నుంచి 15 చదరపు మీటర్ల ఆరుబయటి దొడ్డి, అందులో 4 చదరపు మీటర్ల నీడ చాలు. నేల ఒక పక్కకు వాలుగా ఉండాలి, మీటరుకు మూడు నాలుగు సెంటీమీటర్లు. గాడి వెంట రెండు మూడు మీటర్ల వెడల్పున మాత్రం గరుకు సిమెంటు వేయండి, పశువులు ఎక్కువసేపు నిలబడేది అక్కడే, బురదయ్యేదీ అక్కడే. మడమలోతు బురదలో నడిచే కోడె తిన్నది నడకకే ఖర్చుపెడుతుంది. గాడి పొడవు తలకు 60 సెంటీమీటర్లు తప్పకుండా ఉంచండి. అది తగ్గితే బలమైనవి పక్కవాటి వంతు దాణా కూడా తిని జబ్బుపడతాయి, బలహీనమైనవి అలాగే మిగిలిపోతాయి. నీళ్ళు తలకు రోజుకు 40 లీటర్లు, ఎండాకాలం 60.

రెండు వారాలకోసారి తూచండి. మీ ధరల ప్రకారం ఒక కోడె రోజు ఖర్చు సుమారు 680 గ్రాముల పశువు బరువుకు సమానం. వరుసగా రెండు తూకాల్లో రోజుకు అంతకంటే తక్కువ పెరిగితే దాన్ని అమ్మేయండి, 120 రోజులు నిండాల్సిన పని లేదు. ముప్పై రోజులకే పెరగనివాటినీ అంతే. జాలిపడి ఉంచుకున్న రెండు కోడెలు మిగతా పదమూడింటి లాభం తింటాయి. ఆఖరి నెలలో ఏ మందు వేసినా తేదీ రాసి, ఆ మందు మాంసంలోంచి పోవడానికి సీసా మీద రాసిన గడువు దాటాకే అమ్మండి.

ఇవన్నీ చేసేముందు ఒక పని. మాంసానికి ఏ పశువును, ఏ వయసులో, ఎవరికి అమ్మొచ్చో, రవాణాకు ఏ పత్రాలు కావాలో చట్టం చోటుచోటుకూ మారుతుంది. పశుసంవర్ధక కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. కొనుగోలుదారులు ఇద్దరు ముగ్గురిని కలిసి వారికి ఎంత బరువు, ఎంత కొవ్వు కావాలో, ధర కాటా మీదా తలకా అడగండి. 300 కిలోలకే కొనేవారు ఉంటే 346 దాకా మేపడం దండగ.

బావగారి దగ్గరకు ఈ వారమే వెళ్ళండి, ఒంటరిగా కాకుండా మీ భార్యతో కలిసి. లెక్క అడిగింది ఆవిడ, రాసేదీ ఆవిడే కావడం మంచిది. "బావా, యాభై ఇప్పుడు వద్దు. పది నువ్వు పెట్టు, పది నేను పెడతా. మేత నాది, కాటా ఇద్దరిదీ. పశువులను ఎంచేది నువ్వే" అనండి. ఆయన కంటికి ఈ వ్యాపారంలో నిజంగా చోటుంది, రోగం పసిగట్టడంలో, చట్రం చూడటంలో. ఆ గౌరవం మాటల్లో తెలియనివ్వండి. ఒప్పుకోకపోతే, టేపు పట్టుకుని మీరే పద్నాలుగు కొనుక్కోండి.

నాన్నగారిని ఇప్పుడు సంతకం అడగకండి. మొదటి విడత అమ్మాక, ఒక్కో కోడె కొన్న బరువు, అమ్మిన బరువు, తిన్న మేత, మిగిలిన కిలోలు ఉన్న పుస్తకం ఆయన ముందు పెట్టండి. పత్రాల మాట అక్కర పడితే ఆ తర్వాత మాట్లాడొచ్చు.